మన పత్రములు మన యింట



హైదరాబాదులో అమీరుపేట యను పేట యొకటి గలదని మీలో ననేకు లెఱుగుదురు. చూడనివారు సైతము దాని పేరు వినియుందురు. ఏలయన, మన గ్రామములలో డిగ్రీ ముగించిన పిల్లవాడు “కోర్సు నేర్చుకొని వత్తు”నని తండ్రిని పైకమడిగి, ఒక సంచియు నొక దుప్పటియు వెంటబెట్టుకొని వచ్చి దిగుచోటు అదియే. మైత్రివనము, స్వర్ణజయంతి భవనము మొదలగు కట్టడములును, వాని చుట్టునున్న సందులును శిక్షణాలయములతో నిండియున్నవి. 2000వ సంవత్సరము రాగానే లోకములోని కంప్యూటర్లలో తేదీలు తాఱుమాఱగునని దేశదేశములవారు కలతపడి, పాత ప్రోగ్రాములను సవరింపగలవారికొఱకు వెదకిన కాలమున ఈ పేటకు దశ తిరిగెను. ఆ వీథులలో బోధింపబడు విద్యల పేర్లు రెండుమూడేండ్ల కొకమాఱు మాఱుచునే యున్నవి. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చెను. సత్యం సినిమాహాలు పోయి దాని చోట 2023లో క్రొత్త మాలు తెఱచిరి. హాస్టళ్లు మాత్రము, గదికి నలుగురు చొప్పున, అట్లే యున్నవి.

నేను ఆ పేటలో బల్కంపేట ఎల్లమ్మ గుడికి నడకదూరమున కాపురముండు విశ్రాంత ఉపాధ్యాయుడను. అమరకోశముతో అక్షరాభ్యాసమైనవాడు కంప్యూటరును గుఱించి యేమి చెప్పగలడని మీరు శంకింపవచ్చును. నేను చెప్పబోవునది శాస్త్రము కాదు, గృహస్థధర్మము. అమీరుపేటలో మన పిల్లలు నేర్చుకొను విద్య యంతయు పరుల యంత్రములను కాచుటకొఱకే. ఆ విద్యలో నొక చిన్న పాలు మన యింటి యంత్రమును మనము కాచుకొనుటకు చాలును. ఆఱేండ్లుగా నేను మా యింట నట్టి యంత్రము నొకదానిని నడుపుచున్నాను.

దానిని సర్వరు అందురు. ఈ మాట విని బెదరవలదు. అడిగినవానికి అడిగినది అందించునది సర్వరు; అంతకుమించి దానిలో మర్మము లేదు. వెనుక గ్రామమున కరణముగారి యింట దఫ్తరము పెట్టె యుండెడిది. ఎవరైన పోయి “మా తాతనాటి పహాణీ చూడవలె” నన్నచో, వచ్చినవాడు అర్హుడా కాదా యని చూచి, ఆయన పెట్టె తెఱచి చూపెడివాడు. సర్వరు చేయు పనియు నదియే. కాగితములకు మాఱు ఫైళ్లుండును. కరణమునకు మాఱు ప్రోగ్రాముండును.

మీ చేతిలోని ఫోనుతో తీసిన ఫొటోలు ఎచ్చట నిలువయుండునో యెప్పుడైన విచారించితిరా? ఫోనులో కొన్ని యుండును. తక్కినవి “క్లౌడు”లో నున్నవని మనుమడు చెప్పును. క్లౌడనగా మేఘము. పేరు ఆకాశమునకు సంబంధించినదైనను వస్తువు భూమిమీదనే యున్నది. అది పరుల గిడ్డంగి. అమెజాన్ కంపెనీవారు 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతపు కేంద్రమును ప్రారంభించిరి. వారి కట్టడములు రంగారెడ్డి జిల్లాలో, మొన్నటిదాక జొన్నచేలుండిన సీమలో నున్నవి. మేఘము మన పొలముగట్టుననే దిగియున్నదన్నమాట. గిడ్డంగి చెడ్డదని నేననను. పంట నిలువచేయుటకు గిడ్డంగి కావలసినదే. కాని విత్తనపుగింజలను సైతము గిడ్డంగిలో పెట్టి యింట ఖాళీ గాదె నుంచుకొను రైతును మీరు మెచ్చుకొందురా?

పంజాగుట్టలో నాకు తెలిసిన పెద్దమనిషి యొకరు కలరు. ఆయన పదునొకండేండ్ల ఫొటోలను, కూతురి పెండ్లివీడియోలను, గతించిన సహధర్మచారిణి గొంతు వినిపించు రికార్డులను ఒక విదేశపు కంపెనీవారి ఖాతాలో నుంచిరి. ఒకనాడు ఆ ఖాతా మూసివేయబడెను. కారణము తెలుపలేదు. అర్జీ పెట్టిన మఱునాడు యంత్రము వ్రాసిన జాబు వచ్చెను. రెండవ యర్జీకి అదే జాబు అక్షరము మాఱక మఱల వచ్చెను. తహసీలుదారు అన్యాయము చేసిన కలెక్టరున్నాడు, కలెక్టరు వినకున్న కోర్టున్నది. ఇచ్చట ఎవరి గుమ్మము త్రొక్కవలెనో యాయనకు తెలియలేదు. చిత్రములు పోయిన పోవచ్చును గాని, ఆమె గొంతు మఱల దొరకదు గదా యని ఆయన నాతో ననిన మాట నేను మఱవలేదు. మా యింటి యంత్రమునకు మూలము ఆ మాటయే.

యంత్రము సంపాదించుటలో నాకు తోడ్పడినవాడు మా వీథి హాస్టలులోని కడప జిల్లా కుఱ్ఱవాడు. పగలు శిక్షణాలయమున లినక్సు నేర్చుకొనుచు, సాయంకాలము మా యింట చంపూరామాయణములోని శ్లోకములకు అర్థము చెప్పించుకొనెడివాడు. “మాష్టారూ, దీనికి క్రొత్తది కొననక్కఱలేదు. ఆఫీసులవారు తీసివేసిన చిన్న పెట్టెలు సికిందరాబాదులో దొరకును” అని నన్ను ప్యారడైజు దగ్గఱ నున్న చెనాయ్ ట్రేడు సెంటరునకు గొనిపోయెను. పాత కంప్యూటర్లకును విడిభాగములకును అది పేరుపొందిన అంగడి. పంచాంగము కంటె కొంచెము పెద్దదగు పెట్టె యొకటి బేరమాడి తెచ్చితిమి. దానికి తెర లేదు, మీటల పలకయు లేదు. రౌటరు ప్రక్కన గోడపలకమీద కూర్చుండి పనిచేయుచుండును. అది పనిలేనివేళ 8 వాట్ల విద్యుత్తును మాత్రమే తీసికొనును. రాత్రింబవళ్లు నడచినను నెలకు 6 యూనిట్లు దాటదు. ఇంతకంటె చిన్నదియు గలదు. 2012లో ఇంగ్లండువారు బడిపిల్లల చదువుకొఱకు రాస్‌బెర్రీ పై యను అరచేతిమందపు కంప్యూటరును బయటపెట్టిరి. అదియు నీ పనికి చాలును.

యంత్రమును నడుపు లినక్సునకు వెల లేదు. ఫిన్లండు దేశపు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దాని నారంభించెను. అంతకు పూర్వమే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనునాతడు ప్రోగ్రాములు విద్యవలె పంచుకొనదగినవి గాని దాచుకొనదగినవి కావని ఉద్యమము లేవదీసెను. గురువు శిష్యునకు చెప్పిన పాఠము గురువునొద్ద తఱుగదు గదా, ఆ న్యాయమే. మన హైదరాబాదులో స్వేచ్ఛ యను సంస్థవారు ఈ మార్గముననే లినక్సును తెలుగులో మాటలాడించుటకు పాటుపడిరి. తెలుగు లిపికి యూనికోడు పట్టికలో 1991 నుండియే స్థానము గలదు. కావున మా యంత్రములో ఫైళ్లకు “నాన్నగారి ఉత్తరములు”, “పొలము కాగితములు” అని శుద్ధమైన తెలుగులోనే పేర్లు పెట్టుకొన్నాము.

ఇక దానిలో నున్నవేవి? మా తండ్రిగారు వ్రాసికొన్న తాళపత్రముల ఛాయాచిత్రములు, మా మేనత్త పాడిన మంగళహారతుల పాత క్యాసెట్లనుండి ఎక్కించిన పాటలు, పాసుపుస్తకముల నకళ్లు, ఆసుపత్రి కాగితములు. నెక్స్ట్‌క్లౌడ్ అను ప్రోగ్రాము కాగితముల సంగతి చూచును. ఇమ్మిచ్ అనునది ఫొటోలను తేదీలవారీగా అమర్చును. ఈ ఆసుపత్రి కాగితములను గుఱించి యొక మాట చెప్పవలెను. పంజాగుట్టలోని నిమ్సు ఆసుపత్రి, 1964లో ఎముకల వైద్యాలయముగా వెలసినది, మీలో ననేకులకు పరిచితమే. అచ్చటి వరండాలలో ప్లాస్టికు సంచులలో ఎక్సురేలు మోసికొని తిరుగు గ్రామస్థులను చూచినపుడెల్ల నాకు మనసు కలుక్కుమనును. డాక్టరుగారు “2019లో తీసిన పరీక్ష యేది?” అని యడుగుదురు, అది యింటిలో ఇనుపపెట్టె యడుగున నుండును. నా భార్యను చూపించుటకు పోయినపుడు నేను ఫోను తీసి, మా యింటి యంత్రము నడిగి, ఆ కాగితము నక్కడనే చూపితిని. మఱియొక ప్రయాణము తప్పినది.

ఆసుపత్రిలోని ఫోనునకు ఇంటిలోని పెట్టె యెట్లు దొరకినది? ఇది కొంచెము జాగ్రత్తగా వినదగిన సంగతి.

ఇంటర్నెట్టులో ప్రతి యంత్రమునకును అంకెలతో నొక చిరునామా యుండవలెను. పాతపద్ధతిలో నీ చిరునామాలు మొత్తము 429 కోట్లు. ఈ పద్ధతి 1983లో అమలునకు వచ్చిన కాలమున అది తఱుగని గనియని తోచినది. 2011 ఫిబ్రవరిలో మూలభాండారము ఖాళీయయ్యెను. కనుక నొక యుపాయము చేసిరి. అపార్టుమెంటులో 302 నంబరు ప్లాటు గలదు. ప్రక్క అపార్టుమెంటులోను 302 గలదు. తగవు లేదు, ఏలయన ఆ నంబరు ప్రహరీగోడ లోపల మాత్రమే చెల్లును. అట్లే ఇంటి లోపలి యంత్రములకు 192.168 తో మొదలగు అంకెలను రౌటరు పంచిపెట్టును. బయటి లోకమునకు తెలిసినది రౌటరు చిరునామా యొక్కటియే. లోపలినుండి ఎవరు ఎవరికి ఉత్తరము వ్రాసిరో అది తన పుస్తకమున గుర్తు వ్రాసికొని, జవాబు రాగానే వారికి చేర్చును. మనవారెవరును వ్రాయకుండ వచ్చిన ఉత్తరమును గుమ్మముకడనే త్రోసివేయును. మంచి వాచ్‌మన్ చేయుపని యిదియే.

ఇటీవల కొన్ని కంపెనీలవారు ఇంకొక మెట్టు ముందునకు పోయి, వీథివీథినంతయు ఒకే చిరునామా వెనుక దాచుచున్నారు. అప్పుడు బయటనుండి మన యింటికి మనమే రాలేము. దీనికి శాశ్వతమైన మందు క్రొత్తపద్ధతి చిరునామాలు. వాని సంఖ్య 39 అంకెలది. భాస్కరాచార్యుడు లీలావతిలో ఏకము మొదలు పరార్ధము వఱకు 18 స్థానములకే పేర్లు చెప్పెను గనుక, ఈ సంఖ్యను పలుకుటకు నా సంస్కృతము చాలదు. 2016 సెప్టెంబరులో జియోవారు ఫోను సేవ ప్రారంభించినప్పటినుండి మన దేశమున నీ క్రొత్త చిరునామాలు విరివిగా వాడుకలోనికి వచ్చినవి. మేము చేసినది వేఱు. వైర్‌గార్డ్ అను ప్రోగ్రాముతో నా ఫోనునకును ఇంటి పెట్టెకును నడుమ నొక సొరంగము త్రవ్వినాము. ఆ సొరంగములో పోవునది రహస్యలిపిలో పోవును. దారిలో విప్పిచూచినవానికి గజిబిజి తప్ప మఱేమియు కానరాదు. సొరంగపు తాళపుచెవులు రెండు: ఒకటి నా ఫోనులో, ఒకటి మా పెద్దమ్మాయి ఫోనులో.

“ముసలివాని ఫొటోలను దొంగిలించువాడెవడు?” అని నా మిత్రుడొకరు నవ్విరి. దొంగ మన పేరుచూచి రాడు. ఊరిలోని తలుపులన్నియు వరుసగా త్రోసి చూచుకొనుచుపోవు పిచ్చివాని నూహింపుడు. వానికి నిద్ర లేదు, అలసట లేదు. ఏ తలుపు తెఱచుకొన్నను లోపలికి పోవును. ఇంటర్నెట్టులో నట్టి మరబొమ్మలు లక్షలకొలది తిరుగుచున్నవి. మా కుఱ్ఱవాడు నాకు చూపుటకై యొకనాటి రాత్రి, లోపల నేమియులేని పాత కంప్యూటరునకు బయటివైపు తలుపొకటి తెఱచిపెట్టెను. తెల్లవాఱి చిట్టా చూడగా పుటలకొలది పేర్లు: అడ్మిన్, రూట్, టెస్ట్, మఱల అడ్మిన్. ఏ దేశమునుండి ఎవడు త్రోసెనో దైవమున కెఱుక. ఆ తలుపు నటుపిమ్మట మూసివేసితిమి.

2016లో జరిగిన సంగతి యొకటి వినుడు. మిరాయ్ అను దొంగప్రోగ్రాము లోకమంతటను ఇండ్లలో, అంగళ్లలో పెట్టుకొన్న కెమెరాలలోనికిని రౌటర్లలోనికిని దూఱినది. దానికి మంత్రతంత్రము లేవియు లేవు. ఫ్యాక్టరీలో తయారగునపుడు పెట్టు పేరు, పాస్‌వర్డుల జంటలు 60కి పైగా దాని జేబులోనుండెను; ఒక్కొక్కటి పెట్టి చూచుటయే దాని విద్య. అంగడిలో తాళము కొని, దానితోవచ్చిన చెవినే తలుపుప్రక్క మేకునకు తగిలించిన గృహస్థులు అన్ని లక్షలమంది యుండిరన్నమాట! ఆ యేడాది అక్టోబరు 21వ తేదీన, అట్లు లొంగిన యంత్రముల సైన్యము ఒక్కపెట్టున మీదబడగా అమెరికాలో పెక్కు ప్రసిద్ధ సైట్లు గంటలకొలది మూగవోయెను. ప్రోగ్రామును వ్రాసినవారు ముగ్గురు అమెరికా యువకులు. 2017 డిసెంబరులో కోర్టులో నేరమొప్పుకొనిరి. పిల్లలాడు ఒక కంప్యూటరు ఆట చుట్టునున్న వ్యాపారపు పోటీ ఇంత పనికి మూలము.

ఇది మీకేల చెప్పుచున్నాననగా, ఇప్పుడు గ్రామములలోను కూడలికూడలికి కెమెరాలు వచ్చినవి. బోరుబావి మోటారును ఫోనుతో నడుపు పెట్టెలు వచ్చినవి. బిగించిపోవు కుఱ్ఱవానిని పైకమిచ్చి పంపుటకు ముందు “బాబూ, పాస్‌వర్డు మార్చితివా?” అని అడుగుడు. వాడు “ఎందుకండీ” యన్నచో, మార్చువఱకు నులకమంచముమీద కూర్చుండబెట్టుడు. మా యింట కెమెరాలకు వేఱుగా నొక వైఫై గలదు; వచ్చిపోవు చుట్టములకు అదియే. కాగితములున్న పెట్టె దానికి కానరాదు. వీథివాకిలికి వచ్చినవారినందఱిని పూజగదిలోనికి పిలువము గదా.

పాస్‌వర్డు విషయములో మన పూర్వవిద్య యొకటి పనికివచ్చును. తమకు తెలిసిన పద్యపు మొదటి పాదమును పెట్టుకొనువారు గలరు. అది తగదు, మనకు తెలిసినది లోకమునకును తెలిసినదే. ఒకదానికొకటి పొత్తులేని నాలుగైదు మాటలు, మన యూరివారు తప్ప పలుకని మాటలైనచో మఱియు మేలు, వరుసగా గ్రుచ్చినయెడల అది పొడవగును, మఱపునకు రాదు. ఫోనునకు బ్యాంకునకు కావలసిన అంకెలకైతే కటపయాది గలదు. క, ట, ప, య అను నాలుగక్షరములకును విలువ ఒకటి. అక్కడనుండి వర్గక్రమమున నంకెలు పెరుగును. అంకెలను కుడినుండి యెడమకు చదువవలెను. సంగీతజ్ఞులు మేళకర్తలకు పేరుపెట్టిన విధమిదియే: మేచకల్యాణిలో “మ” అయిదు, “చ” ఆఱు, తిప్పి చదివిన 65, అది 65వ మేళకర్త. “గోడమీద” అనుకొనుడు: గ మూడు, డ మూడు, మ అయిదు, ద ఎనిమిది, తిప్పి చదివిన 8533. మాట గుర్తున్నచో సంఖ్య గుర్తున్నట్లే. రేడియోలో చెప్పినది గనుక ఈ “గోడమీద” యిక నెవరికిని పనికిరాదు. మేళకర్తల పేర్లను పెట్టుకొనుటయు వలదు. సంగీతము తెలిసిన దొంగలుండరని నియమములేదు.

తాళము గట్టిదైనను తలుపునకు చెదలు పట్టవచ్చును. ప్రోగ్రాములలో లోపములు బయటపడుచుండును. చేసినవారు మరమ్మతు పంపుచుందురు. దానినే అప్‌డేటు అందురు. ఫోను అడిగినపుడు “తరువాత” అని నొక్కువారే యెక్కువ. 2017 మే 12వ తేదీన వన్నాక్రై అను ప్రోగ్రాము ఒక్కదినములో అనేక దేశములను చుట్టివచ్చి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తన తాళమువేసి, విప్పుటకు పైకమడిగెను. ఇంగ్లండులో ఆసుపత్రులు చిక్కుపడెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలో కొన్ని కంప్యూటర్లును దానివాతబడెను. ఆ లోపమునకు మరమ్మతు మార్చినెలలోనే, రెండు నెలల ముందే, వెలువడియుండెను! 2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లకు ఇట్టి యాపదయే రాగా, అచ్చటివారు దినములకొలది చేతివ్రాతతో పని జరుపవలసి వచ్చెను. మా పెట్టెకు ఆదివారము తలంటి పోయుదము. అనగా ఆనాడు అప్‌డేట్లు చేసి చిట్టా చదువుదుము.

ఇంటిలో మఱియొక చిన్న పరిచారకుడు గలడు. పైహోల్ అందురు. ఫోనులో మనము పేరు చెప్పినచో అంకెల చిరునామా చెప్పు పెద్ద యొకడుండవలెను; ఆ పెద్దఱికము దీని కిచ్చితిమి. ప్రకటనలవారి పేర్లును, తెలిసిన మోసగాండ్ల పేర్లును అడిగినచో ఇది “అట్టివారు లేరు” అని బొంకును. బొంకదగిన చోట బొంకుట శాస్త్రసమ్మతమే. అయితే మనిషి ఫోనుచేసి పోలీసునని బెదరించినపుడు ఇది యేమియు చేయజాలదు. “డిజిటల్ అరెస్టు” అనునది మన చట్టములో లేదు. అట్లు బెదరించి పైకము కాజేసినయెడల ఆలస్యముచేయక 1930 నంబరునకు ఫోనుచేయవలెను. త్వరగా చేసిన కొలది పైకము మార్గమధ్యముననే ఆగు నవకాశము గలదు.

2025 ఆగస్టులో రామంతాపురమున శ్రీకృష్ణుని శోభాయాత్రలో రథమునకు విద్యుత్తీగ తగిలి అయిదుగురు మరణించిరి. హృదయవిదారకమైన ఘటన. అటుపిమ్మట విద్యుచ్ఛక్తి సంస్థవారు నగరమున స్తంభములమీద మఱ్ఱియూడలవలె వ్రేలాడు కేబుళ్లను తొలగింపసాగిరి. ప్రాణరక్షణకొఱకు చేసినదే, కాని ఇంటర్నెట్టు తీగలును వానిలోనే యుండుటచే నగరమున ననేకుల యిండ్లలో ఇంటర్నెట్టు నిలిచి, వివాదము హైకోర్టువఱకు పోయెను. మా వీథిలోను తీగ తెగెను. హాస్టలు పిల్లలు ఫోనులు పట్టుకొని రోడ్డుమీదకు వచ్చిరి. మా యింట మాత్రము మేనత్త మంగళహారతి ఎప్పటివలెనే వినవచ్చెను, కాగితములు తెఱచుకొన్నవి; ఏలయన ఇంటి యంత్రమునకును ఇంటి ఫోనునకును నడుమ బయటి తీగతో పనిలేదు. ఊరిచెఱువు ఎండినను పెరటిబావి నీరిచ్చినట్లు.

ఐనను పెరటిబావి యొక్కటియే చాలునని నేననను. ఒకే యింట ఒకే పెట్టెలో నున్నది భద్రము కాదు. ఎలుక కొఱుకవచ్చును, పిడుగు పడవచ్చును. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వానకు హైదరాబాదులో బస్తీలకు బస్తీలే మునిగి, సెల్లారులలోని వస్తువులు బురదపాలయ్యెను. తాళపత్రములు మనదాక నెట్లు వచ్చినవి? పూర్వులు ప్రతులు వ్రాయించి యూరూర నుంచుటచే. బ్రౌనుదొర ఒక్కొక్క కావ్యమునకు పలుచోట్ల ప్రతులు తెప్పించి పోల్చి చూపించెననుట మీ రెఱుగుదురు. ఒక ప్రతిలో పురుగు తినినచోటు మఱియొక ప్రతిలో దొరకెడిది. అదే మార్గమున మేము మూడు ప్రతు లుంచితిమి. ఒకటి పెట్టెలో, రెండవది నెలకొకమాఱు తగిలించి, తీసి బీరువాలో పెట్టు హార్డుడిస్కులో, మూడవది భువనగిరి దగ్గఱ మా స్వగ్రామమున తమ్ముని యింట. రాత్రి రెండుగంటలవేళ, ఆనాడు మాఱినవి మాత్రము రహస్యలిపిలో అక్కడికి పోవును. గ్రామపంచాయతీలకు ఫైబరు తీగలు వేయు పని కేంద్రమువారు 2011లో తలపెట్టి, 2015 నుండి భారత్‌నెట్ పేరుతో సాగించుచున్నారు. ఆంధ్రప్రదేశములో 2017 డిసెంబరున ఫైబర్‌నెట్టు ప్రారంభమైనది. తీగ వచ్చిన గ్రామము నగరమునకు గాదె కాగలదు. ఇంతకాలము పల్లెనుండి పట్నమునకే అన్నియు పోయినవి, ఇది తిరుగుప్రయాణము.

ప్రతి యుంచుట యొక యెత్తు, దానిని చదివిచూచుట యొక యెత్తు. ఆఱునెలల కొకమాఱు తమ్ముని యింటి ప్రతినుండి ఏదో యొక ఫైలు వెనుకకు తెప్పించి తెఱచి చూతుము. తెఱచుకొనని ప్రతి ప్రతి కాదు.

అందఱును ఈ పని చేయవలెనని నేను చెప్పను. నెలకు నాలుగు గంటల తీరికయు, చిట్టా చదువు నోపికయు లేనివారు గిడ్డంగివారి కద్దె కట్టుటయే మేలు. కాని ప్రతి యొకటి ఇంటి డిస్కులో నుంచుకొనవలెను. ఉత్తరముల సర్వరును, అనగా ఈమెయిలును, ఇంట పెట్టుకొనుట నాకు నచ్చదు. పెద్ద కంపెనీల సర్వర్లు ఇంటినుండి వచ్చిన యుత్తరమును తఱచు నమ్మవు, చెత్తబుట్టలో వేయును. అది వారి యహంకారమే యైనను మన యుత్తరము చేరకపోవుట మన నష్టమే. అమీరుపేటలో ఇన్ని శిక్షణాలయములుండియు, ఇంటి గాదెను కాచుకొను విద్యను నెలదినములు బోధింతుమను బోర్డు నాకింతవఱకు కానరాలేదు. ఉద్యోగమునకు పనికిరాని విద్యకు బోర్డు కట్టుటేల యని కాబోలు. మీ గ్రామమునుండి వచ్చిన పిల్లలలో లినక్సు నేర్చినవాడుండక మానడు. పండుగకు వచ్చినపుడు వానిని కూర్చుండబెట్టి యడుగుడు. వాడు సంతోషముతోనే చేయును, మా కడప కుఱ్ఱవాడు చేసినట్లు.

ఇంకొక సంగతి. నాకు అఱువదేండ్లు దాటినవి. తాళము గట్టిదగుకొలది, దానిని వేసినవాడు పోయినపుడు అది తనవారికే శత్రువగును. రహస్యలిపికి కన్నీరు తెలియదు. చెవి లేనిచో కొడుకైనను దొంగయైనను దానికి సమానమే. కావున తెల్లకాగితముమీద, పెన్నుతో, పెట్టె పాస్‌వర్డు, ప్రతులున్న చోట్లు, వానిని తెఱచు క్రమము పెద్ద యక్షరములతో తెలుగులో వ్రాసితిని. మా పెద్దమ్మాయికి కంప్యూటరు తెలియును. నా భార్యకు తెలియదు. తెలియని యామెకు అర్థమగువఱకు నాలుగుమాఱులు తిరుగవ్రాసితిని. “నీలపు తీగ తీయవలదు” అనుమాట ఆమె చెప్పగా చేర్చినదే. కాగితము రెండు కవరులలో లక్కతో అంటింపబడి యున్నది. ఒకటి మా బీరువాలో పొలము దస్తావేజుల నడుమ నున్నది. రెండవది తమ్ముని యింట, దేవుని గూటికి పైనున్న చెక్కపెట్టెలో. పాస్‌వర్డు మార్చినపుడెల్ల కవరును మార్చవలెను గనుక, ఏటేట ఉగాదినాడు పంచాంగశ్రవణమైన పిమ్మట ఆ పని చేయుచున్నాము.